తువ్వాలు కింద రెండు చేతులు

గుండ్లపాడు సంతలో ఎంతటివాడితోనైనా బేరమాడగలిగినా, పెద్దమనుషుల ఎదుట మాత్రం మొహమాటంతో నోరు పెగలని కంబగిరి అనే పశువుల దళారి ఒకడు ఉండేవాడు.

ఆ ఊళ్ళో వేరుశనగ నూనె మిల్లు ఒకటి కంపెనీగా నడిచేది. కంబగిరికి అందులో రెండు వందల షేర్లు ఉండేవి. కాళ్ళు సహకరించక సంత మానుకున్నాక, ఏటా ఆ షేర్ల మీద వచ్చే లాభమే ఆ ముసలాయనకు తిండీ, మందులూ. దేవుడి దయవల్ల మిల్లు బాగానే నడిచేది.

ఒకనాడు ఛైర్మన్ వీరభద్రప్ప వాటాదారులందరినీ పిలిచాడు. మిల్లులో సగానికి పైగా ఆయనదే.

"మీ షేర్లన్నీ నేనే కొనేస్తాను. ఒక్కోటి నాలుగు వందలు. పద్ధతిగా వెల కట్టించే తెచ్చాను. సమ్మతమైతే చేతులెత్తండి" అన్నాడు.

ఆ ధర కంబగిరికి మింగుడుపడలేదు. "వెల ఎవరు కట్టారప్పా?" అన్న మాట నోటిదాకా వచ్చింది. అంతలో వీరభద్రప్ప నవ్వుతూ, "ఏం మామా, కాళ్ళ నొప్పులు తగ్గినాయా?" అని పలకరించాడు. అంతే! అంత ఆప్యాయంగా పలకరించినవాణ్ణి ఎలా నిలదీయడం? కంబగిరి చెయ్యెత్తేశాడు. నవ్వకండి, మనలో చాలామందిమి అంతే. బేరం తెలిసిన మనిషే ఎత్తాడు కదా అని, ఆయన వెనక ఇంకో నలభై చేతులు లేచాయి.

వారం తిరక్కుండానే సంగతి బయటపడింది. వెల కట్టినవాడు వీరభద్రప్పకు సొంత బావమరిది. మిల్లు వెనక, బైపాసు రోడ్డుకు ఆనుకున్న కంపెనీ భూమి ఆరెకరాలు లెక్కలోకే రాలేదు.

"నేను మునిగిందే కాక వీళ్ళనీ ముంచితిని గదా, స్వామీ!" అని కంబగిరి లెంపలు వేసుకున్నాడు. ఊరికే కూర్చోలేదు. అందరినీ కూడగట్టుకుని కోర్టుకెక్కాడు.

"ఆరోజు సభలో చెయ్యెత్తింది మీరే కదా?" అని అడిగాడు జడ్జి.

"ఎత్తినాను సామీ. మా సంతలో బేరం తువ్వాలు కింద జరుగుతుంది. అమ్మేవాడి చెయ్యి ఒకటి, కొనేవాడి చెయ్యి ఒకటి. వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటాం. ఇక్కడా అంతే అనుకున్నా. తీరా తువ్వాలు ఎత్తి చూస్తే, రెండు చేతులూ వీరభద్రప్పవే!"

కోర్టంతా గొల్లున నవ్వింది. వీరభద్రప్ప లాయరు కూడా నవ్వాపుకోలేకపోయాడు.

జడ్జి ఏ సంబంధమూ లేని మనిషి చేత మళ్ళీ వెల కట్టించాడు. షేరు తొమ్మిది వందల ఎనభైకి తేలింది. వీరభద్రప్ప అంతా చెల్లించక తప్పలేదు. కానీ అది తేలేసరికి మూడేళ్ళు పట్టింది. అన్నాళ్ళూ ఏటా వచ్చే లాభం ఆగిపోయి, షేర్ల డబ్బూ దావాలో చిక్కుకుని పైసా చేతికి రాక, కంబగిరి ఈ పూట మాత్ర వేసుకుంటే రేపటి పూట మానేసి నెట్టుకొచ్చాడు.

"పెద్దాయనా, వెల కట్టిందెవరని ఆ సభలోనే అడిగివుంటే ఒక్క పూటలో తేలిపోయేది" అన్నాడు జడ్జి, తీర్పు చదివాక.



కాబట్టి నాయనలారా, భగవంతుడు మనకు నోరిచ్చింది సమయానికి అడగడానికే: ధర ఎంతో విని తలూపే ముందు, ఆ ధర కట్టింది ఎవరో మొహమాటం లేకుండా అడగాలి.