పళ్లెంలో మిగిలిన బోల్టు

అంకబాబుకి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. తన పని తనకే తెగ ముద్దొచ్చేసింది.

రాక ఏం చేస్తుంది? మైలవరం అవతల మామిడితోటలో, రేకుల షెడ్డు కింద, సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటూ ఉండగా దొరికిన కారు అది. ఎప్పుడో ఒక సినిమా కంపెనీ వాళ్లు ఛేజింగు సీను కోసం తెచ్చి, పనయ్యాక వదిలేసి పోయిన పాత అమెరికా కారు. రెండే తలుపులు, పట్టెమంచమంత బానెట్, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజన్. లారీ మీద తెచ్చి యనమలకుదురులో తన ఇంటి ముందు దింపినప్పుడు వీధి వీధంతా నవ్వింది. పాత ఇనుముకి ఊరేగింపేమిట్రా అన్నారు.

ఇప్పుడెవరూ నవ్వడం లేదు. అంకబాబు పగలంతా ఆటోనగర్లో లారీ ఇంజన్లు బాగుచేసేవాడు. సాయంత్రాలూ ఆదివారాలూ ఈ కారుకిచ్చేశాడు. భార్య భ్రమరాంబ బట్టలారేసుకునే తీగ మేడ మీదికి పోయింది. పిస్టన్లు చాలాకాలం మంచం కిందే కాపురం చేశాయి. దొరికిన సామాను ఎక్కడెక్కడి నుంచో తెప్పించాడు, దొరకనిది లేతు మీద దగ్గరుండి చేయించాడు. ఆ ఇంజన్‌కి ఏమన్నా అయితే ఇంకొకటి తెచ్చుకునే దారి లేదు. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆటోనగర్ మొత్తానికీ తెలుసు.

చివరికి కారు నిలబడింది. ముదురు ఎరుపు రంగులో, అద్దంలా మెరుస్తూ. వీడియోలు తీసుకుంటామని కుర్రాళ్లు వచ్చారు. ఎవరో పేపరాయన వచ్చాడు. అంకబాబు రోజూ చొక్కా ఇస్త్రీ చేయించుకోవడం మొదలుపెట్టాడు.

ఒక శుక్రవారం సాయంత్రం మొదటిసారి స్టార్ట్ చేయడానికి ముహూర్తం పెట్టించాడు. తోటి మెకానిక్కులందరినీ పిలిచాడు. దస్తగిరి మేస్త్రినీ పిలిచాడు.

అంకబాబుకి స్పానర్ పట్టుకోవడం నేర్పింది దస్తగిరే. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పని నేర్చుకునేవాడు తప్పు చేస్తే తిట్టేవాడు కాదు, ఆ పని మళ్లీ విప్పి పెట్టి టీ తాగడానికి వెళ్లిపోయేవాడు. ఆయన షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఎంత పెద్ద పనివాడైనా సరే, కొత్తగా కట్టిన ఇంజన్‌ని మొదటిసారి తిప్పే ముందు, "గురువుగారూ, ఒకసారి చూడండి" అని అడగాలి. ఆయన చుట్టూ తిరిగి, అక్కడా ఇక్కడా చెయ్యి పెట్టి, నాలుగు ప్రశ్నలు వేసి, అప్పుడు "కొట్టు" అనేవాడు. ఆ మాట వచ్చాకే తాళం తిప్పేవాళ్లు.

అంకబాబు ఈ పద్ధతి మర్చిపోలేదు. సాయంత్రం కెమెరా ముందు గురువుగారి చేత "కొట్టు" అనిపించాలని ముందే అనుకున్నాడు. అంతకు ముందు చెయ్యాల్సిన పని మాత్రం అతనికి గుర్తు రాలేదు.

దస్తగిరి పొద్దున్నే వచ్చేశాడు.

"అదేంటి గురువుగారూ, సాయంత్రం కదా ఫంక్షను!"

"ఖాళీగానే ఉన్నాలేరా. చూసిపోదామని."

అంకబాబు ఆయన చెయ్యి పట్టుకుని కారు చుట్టూ తిప్పాడు. తలుపు తీసి వేసి చూపించాడు. ఆ తలుపు పడే చప్పుడు వినమన్నాడు. బానెట్ లేపాడు. ఇంజన్ మీద ఎక్కడా వేలిముద్ర కూడా లేదు. ఏ పార్టు ఎక్కడ దొరికిందో, ఎవరు చేతులెత్తేశారో, తను ఎలా సాధించాడో, వరసపెట్టి చెప్పుకుంటూ పోయాడు. దస్తగిరి చేతులు వెనక్కి కట్టుకుని విన్నాడు.

"రంగు బాగుంది" అన్నాడు ఒకచోట.

"రంగుదేముంది గురువుగారూ, ఇటు రండి." అంకబాబు గోడవార ఉన్న రేకు పళ్లెం తీసి చూపించాడు. విప్పిన నట్లూ బోల్టులూ వేసుకునే పళ్లెం అది. శుభ్రంగా తుడిచి ఉంది. "చూశారా? ఇంత ఇంజన్ కట్టానా, ఒక్క నట్టు మిగల్లేదు. నా పనిలో అనుమానమన్న మాటే లేదు."

"ఊఁ" అన్నాడు దస్తగిరి.

ఇంతలో షామియానా వాళ్లు వచ్చి గేటు దగ్గర నుంచి కేకేశారు. అంకబాబు అటు పరిగెత్తాడు.

దస్తగిరి చొక్కా జేబులో వేళ్లు పెట్టి తడుముకున్నాడు. ముసలి మెకానిక్కుల జేబుల్లో చిల్లర ఉన్నా లేకపోయినా రెండు మూడు బోల్టులుంటాయి. ఒకటి తీశాడు, దాని మర చూశాడు. పళ్లెంలో చప్పుడు కాకుండా పెట్టాడు. భ్రమరాంబ ఇచ్చిన మజ్జిగ తాగి, నమాజుకి టైమవుతోందని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి, సామాను సర్దబోతూ అంకబాబు పళ్లెం తీశాడు. లోపల ఏదో దొర్లింది.

బోల్టు.

అతను దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. ఇప్పటి బళ్లన్నీ మిల్లీమీటర్ల లెక్క. ఇది అంగుళాల మర. ఇంట్లో అంగుళాల మర ఉన్న బండి ఒక్కటే. ఎర్రగా మెరుస్తూ ఎదురుగా నిలబడి ఉంది.

పొద్దున్న పళ్లెం ఖాళీగానే ఉంది. అంటే ఎక్కడో కారు కింద పడి ఉండగా ఊడుస్తూ ఎవరో తీసి ఇందులో వేసి ఉండాలి. ఎక్కడిది? స్టార్టర్ మోటారుదా? గేర్‌బాక్సుదా? లోపలిదా?

 అంకబాబు ముందు చేసిన పని, బోల్టుని జేబులో వేసుకోవడం. ఎవరూ చూడలేదు. ఏ రేకుదో అయ్యుంటుందిలే అనుకున్నాడు. కుర్చీలు వేయిస్తూ, పూలదండ కట్టిస్తూ కాసేపు తిరిగాడు. బోల్టు తొడకి తగులుతూనే ఉంది. నాలుగు చక్రాల కింద పెట్టడానికి భ్రమరాంబ నిమ్మకాయలు తెచ్చేసరికి అతను కారు కింద పడుకుని ఉన్నాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే తెల్ల చొక్కాతో కారు కిందకెందుకు దూరారు?"

అంకబాబు బయటికొచ్చి బోల్టు చూపించాడు. ఆమెకి ఇంజన్ల సంగతి తెలియదు గాని మొగుడి మొహం తెలుసు.

"ఇది లేకుండా స్టార్ట్ చేస్తే ఏమవుద్ది?"

"ఏమీ కాకపోవచ్చు. ఇంజన్ మొత్తం పోవచ్చు."

"వాళ్లంతా వచ్చేస్తారు కదండీ."

"వస్తారు."

భ్రమరాంబ నిమ్మకాయలు గోడవార పెట్టింది. "పంతులుగారికి ఫోన్ చేసి ఇవాళొద్దని చెప్పేదా?" అంది.

పరువు పోతుందనుకున్నాడు అంకబాబు. నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి చొక్కా విప్పి కుర్చీ మీద వేశాడు.

"చెప్పు" అన్నాడు.

బయటివి ముందు చూశాడు. స్టార్టర్ సరిగ్గానే ఉంది. గేర్‌బాక్సుకీ ఇంజన్‌కీ మధ్య బోల్టులన్నీ ఉన్నాయి. నీళ్ల పంపు, డైనమో, ఎక్కడ చెయ్యి పెట్టినా బిగువుగానే ఉంది. ఇక మిగిలింది లోపల. నీళ్లు ఖాళీ చేసి, గొట్టాలు విప్పి, కార్బురేటర్ దింపాడు. దాని కింద ఇంజన్ నడినెత్తిన మానిఫోల్డ్ ఉంటుంది. పెట్రోలు కలిసిన గాలిని ఎనిమిది సిలిండర్లకీ పంచిపెట్టే ఇనుప దిమ్మ అది. అతను దాని బోల్టులు విప్పుతుండగా జనం వచ్చేశారు.

అందరికంటే ముందు బసవపున్నయ్య వచ్చాడు. బస్సులు బాగుచేసే షెడ్డు ఆయనది. అంకబాబుకీ ఆయనకీ మొదటి నుంచీ పోటీ.

"ఏం అంకబాబూ, స్టార్టింగని పిలిచి పోస్టుమార్టం చూపిస్తున్నావేంటి?"

అందరూ నవ్వారు. అంకబాబు చెవులు ఎర్రబడ్డాయి. "ఒక బోల్టు మిగిలింది అన్నా. ఎక్కడిదో తెలీట్లేదు" అన్నాడు తలెత్తకుండా.

"పేపర్లో ఫోటో పడినప్పుడు ఏమీ మిగల్లేదే!"

మళ్లీ నవ్వారు. దస్తగిరి కూడా వచ్చి ఒక మూల స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన నవ్వలేదు. చేతిలో టీ గ్లాసు చల్లారిపోతున్నా తాగడం లేదు.

అంకబాబు మానిఫోల్డ్‌ని రెండు చేతులా పట్టుకుని కదిలించి, పైకి లేపాడు. పక్కన పెట్టాడు. ఇంజన్ హెడ్లలోని గాలి రంధ్రాలు బయటపడ్డాయి. టార్చి తీసుకుని ఒక్కొక్క దానిలోకీ చూస్తూ వచ్చాడు.

ఒక దగ్గర ఆగిపోయాడు.

రెండు వేళ్లు లోపలికి పెట్టి మెల్లగా లాగాడు. గళ్ల లుంగీ ముక్క ఒకటి జానెడు పొడుగున బయటికి వచ్చింది. తన పాత లుంగీయే.

నవ్వులు ఆగిపోయాయి. అక్కడున్న వాళ్లంతా పనివాళ్లే, ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. అతుకుల మధ్య అంటుకున్న పాత గాస్కెట్ అట్ట గీకేటప్పుడు రజను లోపల పడకుండా రంధ్రాల్లో గుడ్డలు కుక్కుతారు. గీకడం అయిపోగానే లాగేస్తారు. అన్నీ లాగి ఒకటి మర్చిపోతే, తాళం తిప్పీ తిప్పగానే ఇంజన్ ఆ గుడ్డని లోపలికి పీల్చుకుంటుంది. గుడ్డ వాల్వు కింద ఇరుక్కుంటే, తెరుచుకుపోయిన వాల్వుని పిస్టన్ వచ్చి కొడుతుంది. ఆ తర్వాత మిగిలేది నిజంగానే పాత ఇనుము.

అంకబాబుకి ఆ రోజు గుర్తొచ్చింది. గుడ్డలు లాగుతుంటే మధ్యలో ఎవరో వీడియో తీస్తామని వచ్చారు. తను వెళ్లి కారుకి ఆనుకుని నిలబడ్డాడు. తిరిగొచ్చి మానిఫోల్డ్ ఎక్కించేశాడు.

అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. గుడ్డముక్క చేతిలో పట్టుకుని, ముందు గట్టిగా ఊపిరి వదిలాడు, తర్వాత నవ్వాడు. నవ్వుతుంటే కన్నీళ్లు కారాయి. పోయిన ప్రాణం లేచొచ్చినట్టుంది. పరువు సంగతి ఆ క్షణంలో గుర్తుకే రాలేదు.

బసవపున్నయ్య కాసేపు ఆ గుడ్డ వంక చూశాడు. తర్వాత చేతిగడియారం తీసి జేబులో వేసుకుని, చొక్కా చేతులు పైకి మడిచాడు. "గాస్కెట్ షీటు ఉందేంట్రా ఇంట్లో?" అన్నాడు. "నాక్కూడా ఒకసారి అయ్యింది ఇలాగే. నాకు బోల్టు మిగల్లేదు, ఇంజనే పోయింది."

ఫంక్షన్‌కి వచ్చిన వాళ్లు తలో పనీ అందుకున్నారు. ఒకరు షీటు పరిచి సుత్తితో తట్టి గాస్కెట్ కోశారు. ఒకరు రంధ్రాలన్నీ మళ్లీ చూశారు. పులిహోర, గారెలు చల్లారకముందే భ్రమరాంబ అందరికీ వడ్డించింది. పంతులుగారు ఫోన్‌లోనే మర్నాటి పొద్దుటికి ముహూర్తం మార్చారు.

మర్నాడు పొద్దున నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. దస్తగిరి బానెట్ మీద చెయ్యి వేసి "కొట్టు" అన్నాడు. అంకబాబు తాళం తిప్పాడు. ఇంజన్ ఒకసారి దగ్గి, రెండోసారి అందుకుంది. ఆ గర్జనకి ఎదురింటి కిటికీ రెక్కలు అదిరాయి. భ్రమరాంబ రెండు చెవులూ మూసుకుని నవ్వింది.

మొదటి షికారుకి అంకబాబు గురువుగారినే ఎక్కించుకున్నాడు. ఊరు దాటి కరకట్ట ఎక్కాక కారు నిదానంగా సాగింది. పక్కన కృష్ణలో నీళ్లు పలచగా పారుతున్నాయి. ఇద్దరూ హాయిగా ఉన్నారు. కాసేపటికి అంకబాబు జేబులోంచి బోల్టు తీశాడు.

"దీని పుణ్యమే అంతా. చోటు మాత్రం ఇంకా దొరకలేదు గురువుగారూ. ఎంత వెతికినా తేలట్లేదు."

దస్తగిరి చెయ్యి చాపి బోల్టు అందుకున్నాడు. చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఇది నాదే" అన్నాడు.

అంకబాబు కాలు యాక్సిలరేటర్ మీంచి లేచిపోయింది. అందరి ముందూ తలవంచుకున్న నిన్నటి సాయంత్రం కళ్ల ముందు తిరిగింది. ముందు కోపం వచ్చింది. కోపం వెనకే లుంగీ ముక్క గుర్తొచ్చింది.

"అయితే లోపల గుడ్డ ఉందని మీకు ముందే తెలుసన్నమాట."

"తెలీదు."

"తెలీకుండానే బోల్టు పెట్టారా? మరెందుకు పెట్టారు?"

దస్తగిరి నది వైపు చూస్తూ అన్నాడు. "నిన్న పొద్దున అంతసేపు నీ కారు చూశాను. నువ్వు నన్ను ఒక్కమాటా అడగలేదురా."

  ఎదురుగా గడ్డిమోపుల ట్రాక్టరు వస్తే అంకబాబు పక్కకి తీసి దారిచ్చాడు. మళ్లీ రోడ్డు మీదికి ఎక్కించి, గొంతు సవరించుకున్నాడు.

"గురువుగారూ, ముందు కుడి చక్రం దగ్గర ఏదో సన్నగా గీసుకుంటున్నట్టు నాకు అనుమానం. మీకేమన్నా వినబడుతోందా?"

దస్తగిరి కిటికీలోంచి తల బయటికి పెట్టి చెవి ఒగ్గాడు.

"ఏదీ, కాస్త నెమ్మదిగా పోనియ్" అన్నాడు.