కోట గడప మీద నీళ్ళ కడవ

అనగనగా ఓ మెట్ట కింద ఊళ్ళో ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉండేవారు. ఊఁ కొడుతూ ఉండు, బంగారం. నువ్వు కొట్టకపోతే ఇంకెవరైనా కొడతారు.

అక్క పేరు అసిరమ్మ. కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, ఆడుతూ పాడుతూ కథ చెప్పేది. చెల్లెలు గౌరమ్మ పక్కన కూర్చుని జముకు వాయించేది. జముకంటే చంకలో పెట్టుకునే చిన్న వాయిద్యం. దాని తీగ లాగితే ఎవరో మూలుగుతున్నట్టు ఉంటుంది. అక్క ఒక చరణం పాడగానే చెల్లెలు "ఔనే అక్కా, ఔను" అని వంత పలికేది.

ఆ మెట్ట మీద పాడుపడ్డ కోట ఉంది. గోడలున్నాయి, తలుపుల్లేవు. ఏటా కోతలయ్యాక, ఎండ చల్లబడే వేళకి, ఊరంతా ఆ కోట గడప ముందు చేరి కోట కథే వినేవారు.

పూర్వం శత్రువులు వచ్చి ఆ కోటను చుట్టుముట్టారట. లోపల బావి ఎండిపోయింది. దాహం, దాహం అని లోపలివాళ్ళు పెట్టిన కేకలు కింద ఊరికి వినబడ్డాయి. భయపడి ఒక్కరూ కడవ ఎత్తలేదు. తలుపులేసుకుని కూర్చున్నారు. కోటలో ఒక్కరూ మిగల్లేదు.

అందుకని ఆ ఊరికి ఒక కట్టుబాటు. కథ జరుగుతున్నంతసేపూ గడప మీద నిండు కడవ ఉంటుంది. చెప్పేవాళ్ళు గానీ వినేవాళ్ళు గానీ చుక్క ముట్టకూడదు. కథ అయ్యాక ఆ నీళ్ళు గడప లోపలికి ఒంపి, "తాగండి తల్లీ, తాగండి నాయనా" అనాలి. ఆ తర్వాతే మనం తాగాలి.

ఆ ఏడు ఎండ మండిపోయింది. పాడేవాళ్ళకు చరణానికీ చరణానికీ మధ్య గొంతు తడుపుకునే అలవాటు ఉంటుంది కదా. అసిరమ్మ ధ్యాసంతా కథలో ఉంది. చెయ్యి దానంతటదే కడవ మీదికి పోయింది. ఒక గుక్క తాగాక గానీ ఆమెకు తెలియలేదు.

"అక్కా, ఏటి సేసినావే?" అంది గౌరమ్మ గుసగుసగా.

"ఊరుకోయే. ఎవులూ సూడనేదు," అంది అసిరమ్మ. పాట ఎత్తుకుంది.

గుర్రాలొచ్చాయని పాడింది. అప్పుడు మెట్ట వెనక రాళ్ళ మీద డెక్కల చప్పుడైంది. అందరూ తలలు తిప్పారు. గుర్రాలు లేవు. దుమ్ము మాత్రం లేచింది.

కోట తలుపులు మూశారని పాడింది. అప్పుడు తలుపుల్లేని కోటలో తలుపు కిర్రుమని మూసుకుంది.

ఆ తర్వాత, బావి ఎండిపోయిందని పాడింది. చూస్తుండగానే కడవలో నీళ్ళు ఇంకిపోయాయి. "ఔనే అక్కా, ఔను" అని వంత వినబడింది. పక్కనుంచి కాదు. కోట లోపలినుంచి.

అసిరమ్మ తిరిగి చూసింది. గౌరమ్మ పక్కనే ఉంది. పెదవులు పగిలిపోయాయి, కదులుతున్నాయి, మాట మాత్రం లేదు. ఆమె గొంతు గోడ అవతలినుంచి "దాహమే అక్కా" అంటోంది.

కథ ఆపేస్తే చెల్లెలి గొంతు లోపలే ఉండిపోతుంది. ముగిస్తే, కథలో లోపలివాళ్ళంతా చచ్చిపోతారు, వాళ్ళతో పాటే ఆ గొంతూ పోతుంది.

జనం లేచారు. పిల్లల్ని చంకనేసుకుని కిందికి పరుగెత్తారు. "ఇంటికి పోయి తలుపులేసుకోండర్రా!" అని ఎవరో అరిచారు.

అసిరమ్మ ఆ కేక వింది. కథలో తర్వాతి చరణం అదే.

అప్పుడామె గజ్జెలు ఘల్లుమనేలా కాలు నేలకేసి కొట్టింది. "నానింకా ఆ సరణం పాడనేదు, అప్పుడే పారిపోతన్నారేటి? మీ తాతలూ ఇలాగే పోనారు! నీళ్ళు తెండి!"

అందరికన్నా ముందు తవిటమ్మ అనే ముసలావిడ వెనక్కి తిరిగింది. "నా నడుం సంగతి తరవాత సూద్దారి. ఆ కడవిలా తెండొలే!" అంది. ఒకరిని చూసి ఒకరు ఆగారు. ఊరి బావి నుంచి గడప దాకా వరసగా నిలబడి కడవలు చేతులు మార్చారు.

మొదటి కడవ ఒంపితే నేల తాగేసింది. రెండోదీ అంతే. మూడో కడవ ఒంపినప్పుడు లోపల గుటకల చప్పుడు వినబడింది. ఒక్కరిది కాదు, చాలామందిది.

"తాగండి తల్లీ, తాగండి నాయనా," అంది అసిరమ్మ.

ఆ తర్వాత మిగిలిన కథ పాడింది. ఒక్క మాట మార్చలేదు. నాడు ఊరు కదల్లేదనీ, లోపల ఒక్కరూ మిగల్లేదనీ జరిగింది జరిగినట్టే పాడింది. పాడి, చెల్లెలి వైపు తిరిగింది.

"ఔనే అక్కా, ఔను."

ఈసారి పక్కనుంచే వచ్చింది.

గౌరమ్మ చాలా ఏళ్ళు బతికింది. కానీ నీళ్ళు తాగేటప్పుడల్లా ముందు ఒక గుక్క నేల మీద ఒంపేది. "ఎవులికే?" అని అక్క అడిగితే, "నా పక్కనున్నోలికి" అనేది. పక్కన ఎవరూ ఉండేవారు కాదు.

నీ చేతిలో ఆ గ్లాసు నీళ్ళన్నీ తాగేయకు, బంగారం. అడుగున కాస్త ఉంచు.

కథేమో కంచి బాట పట్టింది,
మనింట్లో దీపానికి కునుకు పట్టింది,
కోటకు దాహం తీరింది,
కంటికి నిద్దర చేరింది.