వరహాలు సొంత మాటలు

గుమ్మడివలసలో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే కాపురముందని పోలయ్య నమ్మకం. ఊరికే నమ్మడం కాదు, రుజువులున్నాయి. ఒకసారి పట్నంలో ఏదో ఆఫీసుకెళ్తే గోడమీద "ఇక్కడ నిలబడరాదు" అని రాసుంది. పోలయ్య చదివాడు. అంతే, అక్కడే బాసింపట్టు వేసుకు కూచున్నాడు. జవాను వచ్చి లేవమంటే, "లేస్తే నిలబడ్డట్టే కదా బాబూ! నాకు సదువొచ్చు" అన్నాడు. చివరికి ఇద్దరు మనుషులు పట్టుకుని, కూచున్నవాణ్ణి కూచున్నట్టే ఎత్తి బయటపెట్టారు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే తల్లి నూకాలమ్మ కొడుక్కి దిష్టి తీసింది. పెళ్ళాం పారమ్మ, "మా ఆయన కాబట్టి కూకున్నాడు, ఇంకొకడైతే నిలబడిపోయేవోడు!" అని వీధంతా చెప్పుకొచ్చింది.

అలాంటి ఇంటి పిల్ల వరహాలు. ఆరో తరగతి. బళ్ళో కూర్మారావు మాస్టారు ఒక కథల పుస్తకం ఇస్తే ఆ పిల్ల అన్నం నీళ్ళూ మరిచి చదివేసింది. ఒక రాజు, ఒక పులి, ఏడు తలుపుల కోట. రాజు ఏడో తలుపు తీశాడు. ఎదురుగా పులి నోరు తెరిచింది. అక్కడితో పుస్తకం అయిపోయింది! మిగతాది రెండో భాగంలో ఉందట. ఆ రెండో భాగం మాస్టారి బీరువాలో ఉందట.

"ఇస్తాను. కానీ ముందు దీనిమీద రిపోర్టు రాసుకురా" అన్నారు మాస్టారు. "అంతా నీ సొంత మాటల్లో ఉండాలి. ఒక్క మాట కాపీ కొట్టినా సున్నా. సున్నా వచ్చినవాళ్ళు రెండో భాగం ముట్టడానికి వీల్లేదు."

వరహాలు ఇంటికొచ్చి కాగితం తీసి, "ఒక ఊళ్ళో ఒక రాజు" అని మొదలుపెట్టింది. పోలయ్య పక్కనే కూచుని చూస్తున్నాడు.

"ఆగమ్మా! రాజు అని రాశావు. ఆ మాట ఎవరిది?"

"అందరిదీ నాయినా."

"మరి మన సొంతం ఎలగవుద్ది? ఊరుమ్మడి బీడులో నాగలి కట్టి నాదే అంటే ఊరుకుంటారేటి?"

వరహాలు గబగబా రాసింది కొట్టేసింది. ఎంత గండం తప్పింది! రాజు, పులి, తలుపు, భయం, ఏది చూసినా ఊరందరి నోళ్ళలో నలిగిందే. ఇంకేముంది, ఇంటిల్లిపాదీ కూచుని సొంత మాటలు తయారుచేయడం మొదలెట్టారు. నూకాలమ్మ బోసినోటితో ఆవులిస్తే "గుబిడి" అని వచ్చింది. రాజుకు అది ఖాయం చేశారు. పులి టొంకరం అయింది, తలుపు లప్పి అయింది. తీయడానికి పుర్రించడం, ఎదురుగా అనడానికి చింగున, పరుగెత్తడానికి జిర్రడం అన్నారు. చాలా బాగుందనడానికి పారమ్మ తుమ్మబోయి ఆపుకున్న చప్పుడొకటి ఇచ్చింది, డింగనం.

మాట పుట్టినప్పుడల్లా పారమ్మ గోడ దగ్గరికెళ్ళి పొరుగింటి అసిరయ్యని కేకేసేది.

"అన్నా, గుబిడి అంటే నీకు తెలుసేటి?"

"తెల్దమ్మా."

"తెల్దట! మనదే, రాసీ!"

రిపోర్టు ముగిసేసరికి అందులో ఊరి సొమ్ము ఒక్కటంటే ఒక్కటి లేదు. "గుబిడి లప్పి పుర్రించె. చింగున టొంకరం. గుబిడి జిర్రె జిర్రె. డింగనం!"

మర్నాడు మాస్టారు దాన్ని తిప్పి చూశారు, తిరగేసి చూశారు, కళ్ళజోడు తుడుచుకుని చూశారు. సున్నా వేద్దామంటే కాపీ కాదాయె. మార్కులు వేద్దామంటే తెలుగు కాదాయె. పోలయ్యని పిలిపించారు.

"ఏమయ్యా, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు! రాసింది ఊళ్ళో నలుగురికీ అర్థం కావాలి. అప్పుడే మార్కులు."

"అంతే కదా బాబూ! ముందే సెప్పుంటే బాగుండును" అన్నాడు పోలయ్య.

అంతే, తప్పెట మెడలో వేసుకుని వీధిన పడ్డాడు. రిపోర్టు ఎలాగూ మారదు, కాబట్టి ఊరే మారాలి. పోలయ్య టీకొట్టు దగ్గర, పారమ్మ రైసుమిల్లు దగ్గర, నూకాలమ్మ బోరింగు దగ్గర కాపు కాశారు. ముసలమ్మయితే బోరింగు చేతిని కావిలించుకుని, టొంకరమంటే ఏమిటో చెప్పినవాళ్ళకే బిందె పెట్టనిచ్చింది. మొదట జనం నవ్వారు. తరవాత సరదాపడ్డారు. ఆ తరవాత అలవాటు పడ్డారు. కూర బాగుంటే డింగనం, కోపమొస్తే "లప్పి వేసుకుని పో!" పిల్లలు పులి ఆట మానేసి టొంకరం ఆట ఆడుతున్నారు. పోలయ్యకి ఒళ్ళంతా పొంగింది. ఊళ్ళో ఇంకా నేర్చుకోనివాడు ఒక్కడే, మాస్టారు.

అదే కొంప ముంచింది. అసిరయ్య ఎద్దు పలుపు తెంపుకుని వీధిలోకి దూకింది. "జిర్రండి! జిర్రండి!" అని ఊరంతా అరిచింది. ఊరంతా జిర్రింది. మాస్టారు మాత్రం నడివీధిలో నిలబడి, "ఏమిటంటున్నారు?" అని నిదానంగా అడిగారు. ఎద్దు ఆయన్ని కొమ్ముల మీద ఎత్తి, పోలయ్య వాకిట్లో పెంటకుప్ప మీద భద్రంగా కూచోబెట్టింది.

"పోలయ్యా!" చెవిలోంచి పేడ తీసుకుంటూ మాస్టారు గర్జించారు. "ఇవా సొంత మాటలు? ఊరంతా ఇవే వాగుతోంది కదయ్యా!"

పోలయ్య వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. నిజమే! ఇప్పుడివి ఊరందరివీ అయిపోయాయి. అరువిచ్చిన గొడ్డలి పోయినట్టు చేతిలో ఉన్న మాటలన్నీ పోయాయి. వరహాలు గొల్లుమంది. "నా పులేమైపోయిందో! రాజుని తినేసిందో, వదిలేసిందో!"

అప్పుడు నూకాలమ్మ చీపురుతో మాస్టారి వీపు దులుపుతూ, "ఒరే పోలిగా, ఊరొదిలేసిన పాత మాటలు ఏమైనాయిరా?" అంది.

"ఏమవుతాయే! ఎవడూ ముట్టడం లేదు, బీడు పడ్డాయి."

"బీడు ఎవరు ముందు దున్నితే వాళ్ళది కాదేటి?"

అబ్బ! ఆ తెలివికి పోలయ్య తల్లి కాళ్ళమీద పడిపోయాడు. ఇంకేముంది, వరహాలు కళ్ళు తుడుచుకుని బీడంతా దున్నేసింది. ఒక రాజు, ఏడు తలుపులు, ఎదురుగా పులి, రాజుకి వేసిన భయం, దానికి తనకి పట్టని నిద్ర. చివర "ఈ పుస్తకం చాలా బాగుంది" అని రాసి మాస్టారి చేతిలో పెట్టింది.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. తెలుగు! పదహారణాల తెలుగు! ఎర్ర పెన్ను తీసి పదికి పది వేసి, కింద "చాలా బాగుంది" అని రాసి, బీరువా తెరిచి రెండో భాగం పిల్ల చేతిలో పెట్టారు. వరహాలు ఇంటిదాకా ఆగలేదు, దారిలోనే చదవడం మొదలెట్టి గేదెకి గుద్దుకుంది.

పోలయ్య మాత్రం రిపోర్టు పట్టుకుని వాకిట్లో కూచుని పైనుంచి కిందిదాకా చదివాడు. కిందనుంచి పైకి చదివాడు. మొహం ఎర్రబడింది.

"ఏటయ్యా, ఏమైంది?" అంది పారమ్మ.

"ఇది పిల్ల రాసింది, 'చాలా బాగుంది'. ఇది మాస్టారు రాసింది, 'చాలా బాగుంది'. పైనుంచి కిందికి కాపీ దింపేశాడే! పెద్దమనిషి అనుకున్నాను!"

పోలయ్యకి నిజంగానే బాధేసింది. కానీ నాయం నాయమే. మాస్టారి మాట పక్కన పెద్ద సున్నా చుట్టాడు.

పుస్తకం గడువు దాటాక మాస్టారే ఇంటికొచ్చారు. "వరహాలూ, చదివేశావా? బళ్ళో పిల్లలు అడుగుతున్నారు, ఇలా తేమ్మా" అని చెయ్యి చాపారు. పోలయ్య పుస్తకాన్ని గబుక్కున లాగి వీపు వెనక దాచాడు. సున్నా చుట్టిన కాగితం తెచ్చి చూపించాడు.

"ముట్టుకోకండి బాబూ! నియమం మీరెట్టిందే. ముందు రిపోర్టు రాసుకు రండి."

"నేనా? రిపోర్టా?"

"ఆఁ. సొంత మాటల్లో ఉండాల" అన్నాడు పోలయ్య జాలిగా. "గుబిడి ఊరిది. రాజు మాది. మీరింకేదైనా సూసుకోండి."