దాది నోట స్వస్తి

పూర్వం త్రేతాయుగంలో, శీతలా నదీతీరాన ఉన్న కుశస్థలి దేశాన్ని చిత్రబాహువనే రాజు ధర్మం తప్పక పాలిస్తూ ఉండగా, మూడేళ్లు వరుసగా వానలు లేక, పొలాలు నెర్రెలు విచ్చి, పశువులు మేత దొరకక కూలిపోసాగాయి. తల్లిలేని ఆ రాజపుత్రి హేమలేఖ ఐదో ఏటనే ఔర్ణవ మహర్షి ఆశ్రమం చేరి, పన్నెండేళ్లు గురుశుశ్రూష చేసి, జలాధిపతి అయిన వరుణుణ్ణి రప్పించే సూక్తాన్ని నేర్చుకుంది. దేశం ఆశంతా ఆ సూక్తం మీదే. అయితే విద్య ముగిసిననాడు దక్షిణ పుచ్చుకున్నవారు మనసారా "స్వస్తి" అంటేగాని నేర్చిన మంత్రం ఫలించదని ఆ ఆశ్రమ నియమం.

చిత్రబాహువు మిగిలిన గోవులలో మేలైనవాటిని తోలించుకు వచ్చి మహర్షికి సమర్పించాడు. తపోనిధి అయిన ఔర్ణవుడు స్వస్తి పలకలేదు.

"మహాత్మా, దక్షిణ చాలలేదా?"

"నాకిది ఎక్కువే రాజా. కాని నా వంతు రెండోది. చేతులు జోడించడం, చెప్పింది వినడం, తెలియనిది అడగడం నీ బిడ్డ నా దగ్గరికి రాకముందే నేర్చుకుంది. అవి నేర్పినవారు ముందు పలకాలి."

నేర్పింది కుముద్వతి అనే దాది. బిడ్డ వెంట వచ్చి, ఆశ్రమం కంచె పక్కనే గుడిసె వేసుకుని, ఇన్నేళ్లూ పాలు కాచి ఇచ్చింది. మన అన్నమే తింటున్నది కదా అని రాజు ఆమెకు ఏమీ తేలేదు. ఇప్పుడు తన చేతి కంకణాలు తీసి ఆమె ముందుంచాడు.

కుముద్వతి వాటిని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి ఇచ్చేసింది. "ఇవి వేసుకుని పొయ్యి దగ్గర కూర్చుంటే చెయ్యి కాలుతుంది మహారాజా. స్వస్తి అనమంటే అంటాను. పెదవులమీది మాటేదో దేవతలకు తెలియదా?"

"ఏం కావాలో నువ్వే అడుగు దాదీ."

"అడిగి పుచ్చుకుంటే అది దక్షిణ ఎలా అవుతుంది ప్రభూ?"

రాజు కంకణాలు మళ్లీ తొడుక్కున్నాడు. హేమలేఖ మాత్రం ఆ గుడిసెలో ఒకే ఒక్క పీట ఉండటం, అది ఎప్పుడూ తనకే వేయడం, తాను తిన్నాక దాది పొయ్యి పక్కన నిలబడే తినడం తలచుకుంది. పొయ్యి రాజేసి, అన్నం వండి, దాదిని ఆ పీట మీద కూర్చోబెట్టి, నెయ్యి కలిపి మొదటి ముద్ద నోటికి అందించింది.

కుముద్వతి మెల్లగా నమిలింది. "ఉప్పు మరిచావు తల్లీ. ఇన్నేళ్లు ఆ మహర్షి నీకేం నేర్పాడు?"

"అది నీ వంతు పాఠం దాదీ," అన్నాడు కంచె అవతలినుంచి ఔర్ణవుడు.

ఆమె ఆకులో మెతుకు మిగలకుండా తిని, హేమలేఖ తలమీద చెయ్యి ఉంచి, "స్వస్తి" అన్నది. ఆ వెంటనే మహర్షీ స్వస్తి పలికాడు.

హేమలేఖ నదిలో నిలిచి సూక్తం పఠించగానే, మకరవాహనుడైన వరుణుడు ప్రత్యక్షమై వరం కోరుకొమ్మన్నాడు. "స్వామీ, చదువు ముగిసిననాడు పెంచిన చేతికి మొదటి ముద్ద పెట్టే ఇల్లు ఉన్నంతకాలం ఈ నేలను వాన విడవకూడదు," అని ఆమె కోరింది. వరుణుడు తథాస్తు అని అంతర్ధానమయ్యాడు.

నది నిండింది, పైరు లేచింది, పశువులు కోలుకున్నాయి. మొదటి జల్లుకే గుడిసె కప్పు కారి పొయ్యి ఆరిపోయింది. ఆ పూట కుముద్వతి దాన్ని మళ్లీ వెలిగించకుండా, పీట మీదే కూర్చుని వాన చూసింది.