శఠగోపం ఎవరి తలమీద?

గంధవరం రాజు భైరవ భూపతికి ఒకనాడు జ్వరం తగ్గింది. జ్వరం తగ్గగానే భక్తి ఎక్కింది.

"ఇకమీదట మా రాజ్యంలో తీర్పులు మనుషులు చెప్పకూడదు. దేవుడే చెప్పాలి" అన్నాడు నిండు కొలువులో.

"దేవుడు చెబితే మాకు వినపడేదెలా ప్రభూ?" అని అడిగాడు ధర్మాధికారి మల్లన. పాపం, ఇరవై ఏళ్లుగా రెండు వైపులా విని తీర్పు చెప్పే అలవాటున్న మనిషి.

జవాబు ప్రధానార్చకుడు తిరువేంగళాచార్యుల దగ్గర సిద్ధంగా ఉంది. తీర్పుకు ముందు ఆయన గుడినుంచి వెండి శఠగోపం తెచ్చి ధర్మాధికారి తలమీద పెడతాడు. స్వామి మనసులో మాట అప్పుడు ఆచార్యులకు తెలుస్తుంది. ఆయన దాన్ని మల్లన చెవిలో వేస్తాడు. మల్లన దాన్నే పైకి చదువుతాడు.

రాజు మురిసిపోయి ఆచార్యులకు పట్టుశాలువా కప్పాడు.

ఆచార్యులు కొలువుకు వచ్చే తీరు చూసి తీరాల్సిందే. రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, శిష్యుడి భుజం పట్టుకుని నడిచేవాడు.

"వాది ఎవరో, ప్రతివాది ఎవరో ఈ కళ్లు చూడవు. చూసేవాడు స్వామి" అనేవాడు. జనం దండాలు పెట్టేవారు.

కొలువులో తీర్పులు రాసే కోనప్పకు వయసు తక్కువ, లెక్క ఎక్కువ. ధర్మాసనం మెట్టుమీదే అతని చోటు. కొన్నాళ్లకే అతనికి ఒక లెక్క తేలింది. గుడి తరఫున వేసిన దావాలు పదకొండు. దేవుడు గెలిచినవి పదకొండు. మిగతావాళ్ల తగాదాలమీద స్వామికి అంత ఆసక్తి ఉండేది కాదు. అవి వాయిదా పడేవి.

పదకొండు సార్లూ మల్లన చెవిలో పడ్డ మాట మెట్టుమీదికి కూడా వినపడింది. ప్రతిసారీ ఒకటే మాట. "వాదిదే ధర్మం."

ఒక సాయంత్రం నూనె గానుగ నడుపుకునే నూకాలమ్మ కోనప్ప గుమ్మంలో కూలబడింది.

"రేపు నా గానుగ పోతుందంట బాబూ! మా ఆయన ఉన్నన్నాళ్లూ గుడి దీపానికి నూనె పోశాడు. స్వామికి నూనె తీసిన గానుగ స్వామిదేనంట."

"ఆచార్యులవారు అలా అన్నారా?"

"అన్నారు. దీపం వత్తులకు నా పాత చీర కూడా చింపి ఇచ్చాను. ఇంకా నయం, ఆ మాట ఆయనకు గుర్తు రాలేదు. గానుగ పోతే నేనూ నా ఎద్దూ ఎవరి చుట్టూ తిరగాలి నాయనా?"

కోనప్ప ఒక్క క్షణం ఆలోచించాడు.

"అత్తా, నీకు గంట కొట్టడం వచ్చా?"

"గుళ్లో గంటా?"

"కాదు, కొలువు ముందున్న ధర్మగంట. ముందు గంట కొట్టినవాళ్లే వాది. ఆచార్యులవారు పూజ ముగించి, పొంగలి ఆరగించి గానీ గుడి వ్యవహారాలు చూసే పారుపత్తేదారును పంపరు. నువ్వు పొద్దు పొడవగానే వచ్చి కొట్టు. నా గానుగమీద గుడివాళ్లకు హక్కు లేదని తేల్చమను."

తెల్లారగానే ధర్మగంట మోగింది. వాది నూకాలమ్మ, ప్రతివాది దేవస్థానం అని కోనప్ప రాసుకున్నాడు.

పారుపత్తేదారు తీరిగ్గా వచ్చి, ఎప్పటిలాగే వాది చోట కూర్చోబోయాడు.

"ఇవాళ మీ చోటు అటు" అన్నాడు కోనప్ప.

విషయం అర్థమై అతను గుడివైపు పరిగెత్తబోయేసరికి రాజు రానే వచ్చాడు. రాజు కూర్చున్నాక ప్రతివాది కదలడానికి లేదు.

అప్పుడు వచ్చాడు ఆచార్యులు, కళ్లు మూసుకుని. పారుపత్తేదారు గట్టిగా దగ్గాడు. ఇంకా గట్టిగా దగ్గాడు.

"ఎవరికో దగ్గు తగులుకున్నట్టుంది. స్వామి తీర్థం పుచ్చుకోమనండి" అన్నాడు ఆచార్యులు దయగా.

శఠగోపం మల్లన తలమీద ఆనింది. చెవిలో మాట పడింది. చాన్నాళ్ల తరవాత మల్లన మొహంలో నవ్వు కనపడింది.

"ఆచార్యులవారూ, ఇది స్వామి మాటేనా? అందరికీ వినపడేలా సెలవియ్యండి."

"సందేహమా? ఈ నోట స్వామి పలికాక తిరుగులేదు. వాదిదే ధర్మం!"

"రాసుకో కోనప్పా. గానుగ నూకాలమ్మదే."

ఆచార్యుల కళ్లు తెరుచుకున్నాయి. రెండూ.

"తప్పు! తప్పు! స్వామి అలా అనలేదు!"

రాజు సింహాసనంలో ముందుకు వంగాడు.

"మరి అన్నదెవరు?"

"అంటే... వాది అంటే ఎప్పుడూ గుడే కదా ప్రభూ!"

ఆ మాట నోరు దాటాక గానీ ఆచార్యులకు తను ఏమన్నాడో తెలియలేదు. రాజు కోనప్పవైపు తిరిగాడు.

"ఏమిటయ్యా ఇది?"

కోనప్ప లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, గుళ్లో పెడితే అది భక్తుడికి దీవెన. కొలువులో పెడితే జనానికి శఠగోపం. ఇవాళ గురి తప్పి స్వామికే పడింది."

ముందు మల్లన నవ్వాడు. తరవాత కొలువంతా నవ్వింది. రాజు మీసం కొరుక్కుని కాసేపు ఆపుకున్నాడు గానీ, పారుపత్తేదారుకు ఈసారి నిజంగానే దగ్గు రావడం చూసి పొట్ట పట్టుకున్నాడు.

"స్వామికి నామీద కోపం ఉండదులెండి. ఈ రాత్రి దీపానికి నూనె నేనే పోస్తాను. అడక్కపోయినా" అంది నూకాలమ్మ.

రాజు కళ్లు తుడుచుకున్నాడు.

"ఆచార్యా, శఠగోపం గుడికి. నువ్వు దాని వెంట. మల్లనా, ఇవాళ్టినుంచి నీ తల నీది."

తరవాత మెడలోంచి ముత్యాల హారం తీశాడు. "కోనప్పా, ఇది చాలా, ఇంకేమైనా కావాలా?"

"ఆ గంట తాడు ఇప్పించండి ప్రభూ. పొద్దు గుంకేదాకా చాలు."

"తాడెందుకయ్యా?"

కోనప్ప గుమ్మంవైపు చూపించాడు. కబురు అప్పుడే ఊరంతా పాకింది. గుడితో తగాదాపడి ఓడినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి బయట నిలబడుతున్నారు.

"ఇంకా పదకొండు మిగిలాయి ప్రభూ" అని, ఉత్తరీయం నడుముకు బిగించి, కోనప్ప గంట తాడు అందుకున్నాడు.