గుడ్డుకు మంత్రసాని ఎందుకు

అనగా అనగా, సముద్రం ఇంకా ఎవరి సొత్తూ కాని రోజుల్లో, మన తీరం నుంచి మూడు ఓడలు తూర్పుకు బయలుదేరాయి. మూడేళ్లు వరసగా వానల్లేవు, అందుకని బయలుదేరాయి. ఓడకు డెబ్బై మంది. మూడు ఓడలకు రెండువందల పది. రెండువందల పదకొండో మనిషి పోలి. ఆమెను ఎవరూ లెక్కవెయ్యలేదు. మంత్రసానిని ఎవరు లెక్కవేస్తారు? నొప్పులొచ్చినప్పుడు పిలుస్తారు, పురిటిస్నానం అయ్యాక మరిచిపోతారు.

నలభై మూడు రోజులు నీళ్లమీదే ఉన్నారు. ఆ నలభై మూడు రోజుల్లో తొమ్మిది మంది పిల్లలు పుట్టారు. తొమ్మిది మందినీ పోలే పట్టుకుంది.

తొమ్మిదోవాడు గాలివాన రోజున పుట్టాడు. వాళ్ల నాన్నను అంతకుముందే అల ఎత్తుకుపోయింది. వాళ్లమ్మ పేరు బంగారి. ఓడలోకి వచ్చిన నీళ్లు తోడి బయట పొయ్యడం ఆమె పని. నొప్పులు మొదలైనా తోడింది. నొప్పుల మధ్య తోడింది. ఇక చెయ్యి లేవనప్పుడు ముంత పక్కన పెట్టి పడుకుంది.

బిడ్డ బతికాడు. బంగారి బతకదని పోలికి తెలిసిపోయింది. బంగారికీ తెలిసిపోయింది.

"అత్తా, వాడికి నా పేరు చెప్పు."

"చెప్తాలే. నువ్వు మాట్లాడకు."

"మర్చిపోవు కదా?"

"మర్చిపోను."

అంతే. బంగారిని సముద్రంలో వదిలారు. బిడ్డకు గవరయ్య అని పేరు పెట్టారు. మిగతా ఎనిమిది మంది తల్లులూ వంతులేసుకుని వాడికి పాలిచ్చారు. ఒడిలో పెట్టుకుని పెంచింది మాత్రం పోలి. వాడు నిద్రపోయే ముందు రోజూ అడిగేవాడు. "అత్తా, నన్నెవరు కన్నారు?" పోలి రోజూ చెప్పేది. "కన్నది బంగారి. పట్టుకున్నది నేను."

ఓడలు ఒక పెద్ద నది నోటి దగ్గర ఆగాయి. బురదనేల, మడచెట్లు, మొసళ్లు. అక్కడే మూడు ఊళ్లు కట్టారు. గవరయ్య పెద్దవాడయ్యాడు. నీళ్లు తోడిన తల్లి కొడుకు కదా, నీళ్ల సంగతి వాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియలేదు. ఎక్కడ గట్టు వెయ్యాలో చెప్పాడు. ఎక్కడ తూము పెట్టాలో చెప్పాడు. ఉప్పునీరు బయట ఉండిపోయింది, మంచినీరు లోపల నిలిచింది. పుట్టి విత్తితే ముప్పై పుట్లు పండాయి. ముప్పై ఏళ్లు నిండేసరికి మూడు ఊళ్లకూ వాడే పెద్ద.

అప్పుడు వాడికి రాజవ్వాలనిపించింది.

నదికి ఎగువన కొండల మీద పాతకాలపు దొరలుండేవారు. వాళ్ల మూలపురుషుడు నాగకన్య పెట్టిన బంగారు గుడ్డులోంచి వచ్చాడట. వాళ్లు పిల్లనివ్వాలన్నా, సింహాసనం ఇవ్వాలన్నా గుడ్డు వంశంవాడికే ఇస్తారు. ఇంకో ఆచారం కూడా ఉంది. పుట్టుక కళ్లారా చూసిన మనిషి సభలో నిలబడి మూడుసార్లు చెప్పాలి. చూసినవాళ్లలో బతికున్నది ఒక్క పోలే.

గవరయ్య దగ్గర కూర్మన్న అని ఒకడుండేవాడు. వంశావళులు పాడేవాడు. పాడేవాడికి కల్పించడం ఎంత పని? నాలుగు రోజుల్లో కథ అల్లేశాడు. నడిసముద్రంలో నాగకన్య ప్రత్యక్షమైందట. నురుగు మీద గుడ్డు పెట్టిందట. గుడ్డు పగిలి గవరయ్య నవ్వుతూ లేచాడట. పేరు కూడా మార్చాడు. అండజదేవుడు.

ముందు కూర్మన్న పోలి ఇంటికి వెళ్లాడు. పట్టుచీర తీసుకెళ్లాడు.

"పోలమ్మా, చిన్న మాట. గుడ్డు అను చాలు."

"ఈ చీర ఎవరికి?"

"నీకే."

"నా వయసుకి ఈ రంగా? నీ పెళ్లానికివ్వు, సంతోషిస్తుంది. కన్నది బంగారి. పట్టుకున్నది నేను."

రెండోసారి బెదిరించడానికి వెళ్లాడు. "నీకు నిప్పు ఇచ్చేవాళ్లు, నీళ్లు ఇచ్చేవాళ్లు లేకుండా చేస్తాను."

"ఈ మూడు ఊళ్లలో నేను పట్టుకోని పిల్లలు ఎంతమందయ్యా? నిన్ను ఒక్కణ్ణే అనుకుంటా. నువ్వు ఓడెక్కేసరికే ఆరేళ్లవాడివి. వాంతులు చేసుకుంటూ మూల కూర్చున్నావు. వెళ్లు."

మూడోసారి గవరయ్యే వచ్చాడు. చిన్నప్పటిలాగే గుమ్మంలో కూర్చున్నాడు.

"అత్తా, ఒక్క అబద్ధం. నాకోసం."

"అబద్ధం ఒక్కటైతే ఆడేసేదాన్నే నాయనా. నువ్వు గుడ్డులోంచి వచ్చావనుకో. మిగతా ఎనిమిది మంది ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?"

గవరయ్య తల వంచుకున్నాడు. ఎందుకంటే ఆ సంగతి కూడా కూర్మన్న రాసి పెట్టాడు. గుడ్డు వంశానికి పొలం, కడుపున పుట్టినవాళ్లకు నాగలి. ఎనిమిది మంది తల్లుల పాలు తాగినవాడు ఆ ఎనిమిది ఇళ్ల పొలాలూ తీసుకోబోతున్నాడు.

"అది కొండ దొరల పద్ధతి అత్తా. నేనేం చెయ్యను?"

"నువ్వు చెయ్యలేనిది నన్ను చెయ్యమంటున్నావా?"

సభ జరిగింది. కొండ దొరలు వచ్చారు, మూడు ఊళ్ల జనం వచ్చారు. గవరయ్య జానెడు వెడల్పు బంగారు నడికట్టు కట్టుకుని కూర్చున్నాడు. పోలిని మధ్యలో నిలబెట్టారు.

"ఇతణ్ణి ఎవరు కన్నారు?" అని ముసలి దొర అడిగాడు.

"కన్నది బంగారి. పట్టుకున్నది నేను."

కూర్మన్న లేచాడు. "ముసలిదానికి మతిపోయింది దొరా."

"మతిపోయిందేమో, లెక్క పోలేదు," అంది పోలి. "ఓడల మీద తొమ్మిది మంది పుట్టారు. తొమ్మిది బొడ్లు కోశాను. తొమ్మిది మంది పిల్లలకు ఎనిమిది మంది తల్లులేమిటి? ఎక్కడైనా సరిపోతుందా?"

జనంలో ఎవరో నవ్వారు. రెండోసారి అడిగారు. అదే జవాబు. మూడోసారి అడిగేలోపు పోలి గవరయ్య ముందుకు నడిచింది.

"గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్లకు నేను బొడ్డు కొయ్యలేదు. బాతుపిల్లకూ కొయ్యలేదు. నీకు కోశాను. ఆ నడికట్టు విప్పి చూపించు నాయనా. అందరం చూస్తాం."

సభ మొత్తం గవరయ్య నడుము వైపు చూసింది. కొండ దొరలు మాత్రం ఎవరి నడుము వాళ్లు సర్దుకున్నారు.

గవరయ్య విప్పలేదు. ముఖం ఎర్రబడింది. తెడ్డు లేని పడవలో ఈమెను ఎక్కించి, నీరు వెనక్కి తీసే వేళ నదిలోకి తోసెయ్యమన్నాడు. తోసేశారు. పోలి ఏడవలేదు, తిట్టలేదు. పడవ కనిపించినంతసేపూ ఒక పేరు వినిపించింది. బంగారి, బంగారి, బంగారి.

తర్వాత కూర్మన్నే తాను చూశానని మూడుసార్లు చెప్పాడు. కొండ దొరలకు కావలసింది గవరయ్య పండించే వరి. సాక్ష్యం ఎవరిదైతేనేం? పిల్లనిచ్చారు, సింహాసనం ఇచ్చారు. గుడ్డు కథ రాతిమీద చెక్కించారు. వచ్చే కోతలవగానే కడుపున పుట్టినవాళ్లంతా పొలాలు అప్పగించాలని చాటింపు వేశారు.

కోతలకు పది రోజుల ముందు, పట్టపగలు, రాణికి నొప్పులు మొదలయ్యాయి.

మూడు ఊళ్లకు ముగ్గురు మంత్రసానులు. ముగ్గురూ పోలి దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. మొదటి ఊరికి నౌకరు పరిగెత్తాడు.

"గుడ్డుకు మంత్రసాని ఎందుకు? పొదగమను," అని ఆమె తలుపేసుకుంది.

రెండో ఊరికి కూర్మన్న పరిగెత్తాడు.

"గుడ్డుకు మంత్రసాని ఎందుకు? నువ్వే కూర్చుని పొదుగు. నీ బరువుకు తొందరగా వెచ్చబడుతుంది."

మూడో ఊరికి రాజే వెళ్లాడు. ఆ ఊరి మంత్రసాని పేరు తవిటి. గవరయ్యతోపాటు ఓడమీద పుట్టిన తొమ్మిది మందిలో ఒకత్తి. వాడు తాగిన పాలలో ఈమె తల్లివీ ఉన్నాయి. తవిటి ఏమీ అనకుండా సంచీ తీసుకుని వెంట వచ్చింది. రాజు గుండె కుదుటపడింది. కానీ ఆమె రాణి గది గడప దగ్గర ఆగిపోయింది.

"నన్ను పిలిచినవాణ్ణి ఎవరు కన్నారు?"

"తవిటీ, ఇది సమయమా?"

"నన్ను పిలిచినవాణ్ణి ఎవరు కన్నారు?"

"ఆమె చచ్చిపోయేలా ఉంది."

"మీ అమ్మ కూడా చచ్చిపోయింది. నన్ను పిలిచినవాణ్ణి ఎవరు కన్నారు?"

అప్పుడు లోపలినుంచి రాణి అరిచింది. "చెప్పండి ఆవిడకి. గుడ్డైతే ఈపాటికి పెట్టేసి లేచేదాన్ని. ఇది గుడ్డు కాదు. ఇది బిడ్డ."

గవరయ్య నడికట్టు విప్పాడు. బంగారం నేలమీద పడింది.

"నన్ను కన్నది బంగారి," అన్నాడు. గొంతు చిన్నదైంది.

"బయట జనం ఉన్నారు. వినపడలేదు."

"నన్ను కన్నది బంగారి. ఓడలో నీళ్లు తోడిన బంగారి. పట్టుకున్నది పోలి."

తవిటి గడప దాటింది. పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. దానికి బొడ్డు కోశారు.

మర్నాడే గవరయ్య పోలిని వెతుకుతూ బయలుదేరాడు. నది నోటికి అవతల ఇసుకదిబ్బ మీద పదిహేను ఇళ్ల పల్లె ఉంది. పడవ అక్కడికే కొట్టుకుపోయిందట. పోలి అక్కడ ఏడు నెలలు బతికింది. ముగ్గురికి పురుడు పోసింది. గవరయ్య వెళ్లేసరికి ఆమె పోయి నాలుగు నెలలు. పల్లెవాళ్లు సమాధి చూపించారు.

"మీరెవరు బాబూ, ఆవిడకేమవుతారు?" అని అడిగారు.

రాజు సమాధి పక్కన కూర్చున్నాడు. "ఆవిడ పట్టుకున్నవాణ్ణి," అన్నాడు.

పొలాలు ఎవరివి వాళ్లకే ఉండిపోయాయి. తనే కడుపున పుట్టానని చెప్పుకున్న రాజు ఇంకొకరి పొలం ఏ మొహంతో అడుగుతాడు? కూర్మన్నకు శిక్ష వెయ్యలేదు. తొమ్మిది మంది తల్లుల పేర్లూ రోజూ పొద్దున్నే వీధుల్లో పాడమన్నారు. గొంతు పోయేదాకా పాడాడు.

ఆ వంశం తర్వాత మూడు నదులు దాటింది. ఎన్నో కొమ్మలుగా చీలింది. కొమ్మకో జెండా, కొమ్మకో బిరుదు. ఆచారం మాత్రం అన్నిటికీ ఒక్కటే. ఆ ఇళ్లలో ఎవరికి నొప్పులొచ్చినా మంత్రసాని గడప దగ్గర ఆగుతుంది. తండ్రి కాబోయేవాడు నడికట్టు విప్పి, తనను కన్న తల్లి పేరు, పట్టుకున్న మంత్రసాని పేరు జనానికి వినపడేలా చెప్పాలి. అప్పుడే ఆమె లోపల కాలు పెడుతుంది.

ఒకసారి ఒక రాజు, ఏడు ఊళ్లు గెలిచి అప్పుడే వచ్చినవాడు, "నేనెవరో నీకు తెలియదా?" అన్నాడట. మంత్రసాని గడపమీద కూర్చుని సంచీ విప్పింది. తమలపాకు తీసి, తుడిచి, సున్నం రాసి, నిదానంగా చుట్టి, నోట్లో పెట్టుకుంది. ఆకు నమలడం పూర్తయ్యేలోపే రాజు తల్లి పేరు చెప్పాడు.

ఇన్ని తరాల్లో ఏ మంత్రసానికీ రెండో ఆకు చుట్టే అవసరం రాలేదంటారు.