మద్దిచెట్టు బెరడు

ఇవాళ ఒళ్లు అలిసిపోయింది పిల్లలూ, చిన్న కథే చెబుతాను. మధ్యలో ప్రశ్నలు వేయకండి.

అనగనగా ఎండకు మాడిపోతున్న ఒక అడవిలో ఒక మద్దిచెట్టు. దాని వేళ్ల సందున బొరియలో ఒక ముళ్లపంది, పైన తొర్రలో ఒక ఉడుత కాపురముండేవి. ఆ ఏడు దుంపలన్నీ ఎండిపోయాయి. తిరిగి తిరిగి విసిగిపోయిన ముళ్లపంది, గుమ్మం ముందున్న బెరడునే కొరికి చూసింది. లోపలి పొర తియ్యగా ఉంది!

చెట్టు నీరసంగా, "పైబెరడు నా చొక్కా నాయనా. ఎండనీ పురుగునీ లోపలికి రానివ్వదు. పోయిందేదో పోయింది, ఇక చాలించు" అంది.

మర్నాడు ముళ్లపంది రెండో పక్క మొదలుపెట్టింది.

"ఆకులు వండిన తిండి ఆ తియ్యటి పొరలోంచే వేళ్లకు దిగుతుంది. వాటికి వేరే దారి లేదు" అంది చెట్టు. మీ సైన్సు పుస్తకంలో పోషక కణజాలం అంటారే, అదే ఆ పొర.

అలా మొదలు చుట్టూ కొరుక్కుంటూ పోగా, చివరికి అరచేతి వెడల్పు బెరడు మిగిలింది. ఉడుత పరుగున దిగివచ్చింది.

"మామా, ఆ కాస్తా వదిలెయ్. దాంతోనే చెట్టు ఎలాగో బతుకుతుంది. నేను దాచుకున్న గింజల్లో సగం నీకిస్తా."

"నీ గింజలు నా పంటి కిందికి కూడా రావమ్మాయ్. ఆకులు చూడు, పచ్చగా లేవూ? చెట్టుకేమీ కాలేదు" అంటూ ముళ్లపంది అదీ కొరికేసింది.

ఆకులు పచ్చగా ఉన్నమాట నిజమే. నీళ్లు పైకెక్కేది లోపలి కలపలోని దారువులోంచి. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు మరి. కింద వేళ్లు మాత్రం పస్తులున్నాయి. పాపం, మట్టిలో ఉన్నవాటి ఆకలి ఎవరు చూడొచ్చారు?

కొన్నాళ్లకు వేళ్లు చచ్చిపోయాయి. నీళ్లందక ఆకులన్నీ రాలాయి. ఉడుత తన పిల్లల్ని నోట కరుచుకుని వేరే చెట్టు వెతుక్కుంటూ వెళ్లిపోయింది. తొలి వానకే పట్టు తప్పిన మట్టి జారి, బొరియ కూలిపోయింది. ముళ్లపంది ఎలాగో బయటపడి, వానలో తడుస్తూ చెట్టు మొదట్లో నిలబడింది.

"పెద్దమ్మా, వాన వచ్చిందిగా. ఒక్క చిగురైనా వెయ్యవా?"

"చిగురు పుట్టే కొనలు కూడా ఎండిపోయాయి నాయనా. ఈ నీళ్లు తాగడానికి నాకు వేళ్లెక్కడివి?" అంది చెట్టు.



నీతి: పైన పచ్చగా ఉంది కదా అని కింద నిలబెట్టేవాళ్ల తిండి లాక్కోకూడదు. వాళ్లు పడిపోయిన రోజున మన ఇల్లూ నిలవదు.